ముసలమ్మ వాటా

టెక్కలి ప్లీడరు కూర్మారావుకు రెండు విద్యలు వచ్చు. ఒకటి, ఎంతసేపైనా మాట్లాడడం. రెండోది, జడ్జిగారు విసుక్కునేలోపు ఆపడం. రెండోది అంత గట్టిగా రాదని ఆయన గుమస్తా అంటాడు.

2003లో ఆయన నెత్తిన పడ్డ కేసు మాత్రం నవ్వులాట కాదు. భావనపాడులో పైడయ్యకు సొంత పడవ ఉంది. తాగొచ్చాడని ఆ పడవ మీద పనిచేసే వరహాలును చేపల వేట మాన్పించాడు. ఆ కక్షతో వరహాలు పైడయ్య కొడుకును, ఆరేళ్ల పాండును, చంపేశాడు. నేరం రుజువైంది. ఇక తేలవలసింది శిక్ష. ఉరా, యావజ్జీవమా?

వరహాలు తరఫున కూర్మారావు బేరీజు వేసుకున్నాడు. ఇరవై రెండేళ్ల వయసు, పాత కేసుల్లేవు, తల్లికి ఒక్కడే దిక్కు. ఇదంతా ఒక వైపు. రెండో వైపు, "మావా, మావా" అని వరహాలు వెంటే తిరిగిన పసివాడు. ఆ వైపు తలచుకుంటే కూర్మారావుకే అన్నం సహించేది కాదు.

విచారణ ముందురోజు వరహాలు తల్లి ముసలమ్మ మాటల్లో ఒక సంగతి చెప్పింది.

"పైడయ్య ఇప్పటికీ నా వాటా సేపలు తెచ్చి గుమ్మంలో పెట్టెల్తన్నాడు బాబూ."

కూర్మారావు గంతేసినంత పని చేశాడు. బిడ్డ తండ్రే క్షమిస్తే ఇంక ఉరి ఎక్కడిది? ఆ వాటా ఏమిటని అడగాలని మాత్రం ఆయనకు తోచలేదు.

మర్నాడు జడ్జిగారి అనుమతితో పైడయ్యను బోనెక్కించాడు.

"ముద్దాయి తల్లికి చేపలిస్తున్నావు కదా? అంటే అతన్ని క్షమించినట్టే కదా?"

పైడయ్య ఆయన్ని వింతగా చూశాడు.

"ముసలమ్మత్త పెనిమిటి నా పడవ మీదొచ్చి సముద్రంలో పోనాడు. పోయినోడి ఇంటికి వాటా ఎయ్యడం మా ఊరి కట్టు. కొడుకు పాపం సేసినాడని ఆ ముసల్దాన్ని పస్తులుంచుతానేటి? ఆడిని నాను క్షమించనేదు బాబూ. క్షమించను."

అడగవలసింది ఇంకేమీ లేదని చెప్పి కూర్మారావు కూర్చున్నాడు. సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి.

మధ్యాహ్నం జడ్జిగారు తీర్పు చదివారు. తండ్రి క్షమించాడా లేదా అన్నదాన్ని బట్టి శిక్ష ఉండదన్నారు. నమ్మిన పసివాణ్ణి చంపడం చాలా ఘోరమన్నారు. అయినా ముద్దాయి వయసు, ఇంతకు ముందు ఏ నేరమూ లేకపోవడం, జైల్లో నడత చూస్తే ఇక మారడని చెప్పడానికి ఆధారం లేదన్నారు. మారే అవకాశం మిగిలి ఉండగా ఉరి వేయలేనన్నారు. యావజ్జీవం పడింది.

ముసలమ్మ వరండాలో ఒక మూల కూలబడి ఏడుస్తోంది. కేసు గెలిచిన కూర్మారావు ఆమె వైపూ వెళ్లలేక, పైడయ్య వైపూ వెళ్లలేక గుమ్మంలోనే నిలబడ్డాడు. పైడయ్యే ఆమె దగ్గరికి నడిచాడు.

"బస్సుకి ఏలవుతంది, లెగు అత్తా. రేపట్నుంచి నువ్వే రేవుకొచ్చి సేపలట్టుకెల్లు. ఇదివరకు మా పాండుగాడు తెచ్చీవోడు కదా. మీ గుమ్మం కాడికొత్తే నాకు కాళ్లాడ్డం నేదు."