ఈ ఇంటి నీళ్ళు

"మా ఇంటి నీళ్ళు తాగిన ఆడది ఎవతీ కడుపు నిలవక ఏడవలేదు" అంది బా, హంస కుండ మూతికి వడగట్టే గుడ్డ కడుతుంటే. బా అంటే అత్తగారు, వహూ అంటే కోడలు. అంకలేశ్వర్‌లో ఏ కోడలైనా అత్తని బా అనే పిలవాలి, అమ్మతో సమానం కాబట్టి. సమానమో కాదో హంసని అడిగినవాళ్ళు లేరు.

వంటింట్లో మంచినీళ్ళ కుండలు పెట్టే రాతి అరుగుని పాణియారు అంటారు. దాని మీద దుమ్ముంటే కోడలి పెంపకాన్ని అనొచ్చు, కుండ ఖాళీగా ఉంటే కోడలి పుట్టింటిని అనొచ్చు. అందుకని తెల్లారేసరికి బోరు నీళ్ళు పట్టి, మూడు మడతల గుడ్డలో వడగట్టి, కుండలు నింపాల్సిందే. గుడ్డ లేత గులాబీ రంగుకి తిరుగుతుంది. ఎంత ఉతికినా పోదు. పెళ్ళైన కొత్తలో అది చూసి హంస బెదిరిపోతే మొగుడు మన్హర్ పకపకా నవ్వాడు. రంగుల ఫ్యాక్టరీలో ల్యాబు చూసేది అతనే. "పరీక్ష చేసేది నేను. నాకు తెలీదా? వడగట్టి తాగండి, ఏం కాదు" అన్నాడు. మన్హర్ భాయి చెప్పాడని కాలనీలో ఆడవాళ్ళంతా నిశ్చింతగా తాగారు, పిల్లల చేత తాగించారు.

హంసకి మూడుసార్లు కడుపు పోయింది. మూడోసారి డాక్టరమ్మ, ముందు మీ ఇంట్లో నీళ్ళు మార్చమ్మా అంది. ఆ మాట ఇంటికి మోసుకొస్తే మన్హర్ ఇక ఆవిడే ల్యాబు కూడా పెట్టుకుంటుందేమోలే అని ఎగతాళి చేశాడు. బా మాత్రం హంస చేత ఉపవాసాలు చేయించింది, నడుము వంగని ఆడదనీ, జాతకం మంచిది కాదనీ వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. నిజమేనేమో, లోపం నాలోనే ఉందేమో అని హంస కూడా నమ్మింది. అలా నమ్మినందుకే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది. మళ్ళీ నెల తప్పింది. ఈసారి ఎవరికీ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం మన్హర్ ఎండన పడి పెందలాడే ఇంటికొచ్చాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది, పెదాలు ఎండి పిడచగట్టాయి. హంస కుండలోంచి రాగి లోటాతో నీళ్ళు ముంచి ఇచ్చింది. అతను దాన్ని చూసి, సంచిలో చెయ్యి పెట్టి వెతికాడు. రోజూ తెచ్చుకునే నీళ్ళ సీసా ఫ్యాక్టరీలోనే మర్చిపోయాడు. లోటాని పాణియారు మీద పెట్టేసి, దాహం లేదు, కొట్టుకెళ్ళి సోడా పట్రా అన్నాడు.

హంస కదల్లేదు. ఆ సీసాని రోజూ పొద్దున్నే వేణ్ణీళ్ళు పోసి, బ్రష్షుతో అడుగు దాకా రుద్ది కడిగేది తనే. ఫ్యాక్టరీలో పెద్ద ఫిల్టరు మిషను నీళ్ళు పట్టుకొస్తాడు, ఎసిడిటీ మనిషి పాపం అనుకునేది. ఎసిడిటీ అని ఇంట్లో టీ తాగడు. గ్యాసని పప్పు ముట్టడు. గుజరాతీ మగాడై ఉండి పప్పు వద్దంటాడేమిటని అక్కకి చెప్పుకుని నవ్వింది కూడాను. మజ్జిగంటే జలుబట. రాత్రి రెండు రొట్టెలూ, ఇంత పచ్చడీ చాలట. ఎంత తేలిక మనిషి, అడిగేది ఏమీ లేదు అని మురిసిపోయిందే, ఎంత పిచ్చిది.

"పెళ్ళయ్యాక ఈ కుండలో నీళ్ళు మీరు ఒక్కసారైనా తాగారా?" అంది.

మన్హర్ తల్లి వైపు చూశాడు. రోజూ కోడలి నోరు మూయించే మనిషి ఇవాళ కొడుకునే చూస్తోంది. దాంతో అతనికే కోపం వచ్చేసింది. "ఫ్యాక్టరీ సంగతులు ఆడాళ్ళకెందుకు? నేను నోరు విప్పితే ఉద్యోగం ఉంటుందా? తినేది ఎవరి సంపాదన?"

బా తన కంచు గ్లాసు వైపు చూసుకుంది. అందులో సగం నీళ్ళు మిగిలి ఉన్నాయి. "నాకైనా చెప్పలేదేంరా?" అంది నెమ్మదిగా.

హంసకి ఆవిడ మీద జాలి కలగలేదు. కలగాలని కూడా అనిపించలేదు. ఆ 'నాకైనా' అన్న మాటలో తను లేదు. గదిలోకి వెళ్ళి రెండు చీరలూ, డాక్టరమ్మ కాగితాలూ సంచిలో కుక్కుకుని వచ్చింది. వడోదరలో అక్క ఇంటికి పోతున్నాననీ, మూడు పోయాయి, నాలుగోది ఈ ఇంట్లో పోనివ్వననీ చెప్పింది. దారిలో కాలనీ ఆడవాళ్ళ తలుపులన్నీ తట్టి, మన్హర్ భాయి తాగే నీళ్ళు ఎక్కడివో చెప్పి మరీ వెళ్తానంది.

గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటుంటే, ఎండన పడి వెళ్ళే మనిషికి పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ చెప్పే మాట బా నోట అలవాటుగా వచ్చేసింది.

"నీళ్ళు తాగి వెళ్ళు, వహూ."

హంస వెనక్కి వచ్చింది. పాణియారు మీది లోటా తీసి, మన్హర్ చేతికి అందేలా పట్టుకుంది.

"ముందు మీ అబ్బాయిని తాగమనండి, బా."