అద్దం మీది ఎండ

చొక్కా అంచుతో ఫిల్టర్ తుడిచి లెన్సుకు బిగించి ఆనందయ్య ఒక కన్ను మూశాడు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళవాళ్ళు షోకేసుల ఫొటోలకు ఆయన్నే పిలుస్తారు. ఆ నల్లటి రింగు కాస్త తిప్పితే చాలు, అద్దం మీది ఎండ మెరుపు మాయమై లోపలి హారాలు కడిగినట్టు కనిపిస్తాయి. బక్కపలచని ఒళ్ళు, ఫిలిం కడిగే మందునీళ్ళకు గోధుమరంగు తేలిన వేళ్ళు. యాభై నాలుగేళ్ళ బతుకులో చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే ఆ రింగే. చర్చిలో కిటికీ అద్దం మెరిసినా ఆయన వేళ్ళు తిరుగుతాయని భార్య లీలమ్మ ఎగతాళి చేసేది.

అక్కడ పని ముగించుకుని జమ్మలమడుగు బస్సెక్కాడు. ఎలక్షన్లు పది రోజుల్లోకి వచ్చాయి. ఫొటోలకు పిలిపించిన పార్టీ ఆఫీసు ముందు, కారు పక్కన నిలబడి నాయకుడు దండలు వేయించుకుంటున్నాడు. కారు అద్దం భగ్గున మెరిసి ఫొటోను పాడుచేస్తోంది. ఊరుకుంటే ఆనందయ్య ఎందుకవుతాడు? రింగు తిప్పాడు.

వెనక సీట్లో అవతలి వర్గం నాయకుడి సొంత తమ్ముడు సుబ్బరాయుడు కూర్చుని ఉన్నాడు. చుట్టూ ఉన్న వందమందికీ ఎండే కనిపిస్తోంది. సుబ్బరాయుడు నేరుగా కెమెరాలోకి చూశాడు. అప్పటికే ఆనందయ్య వేలు నొక్కేసింది.

మధ్యాహ్నం ఆ ఊళ్ళోనే ఉన్న తన స్టూడియోలో ఫిలిం కడిగితే ఆ ముఖం స్పష్టంగా తేలింది. ఇది పేపర్లో పడితే అన్నే తమ్ముణ్ణి నరికిస్తాడు. సుబ్బరాయుడి పెద్దకూతురి పెళ్ళికి ఫొటోలు తీసింది తనే. ఆనందయ్యకు ఆ పిల్ల గుర్తొచ్చింది. ఆ ముక్క కత్తిరించి అగ్గిపుల్లతో కాల్చేశాడు. ఫొటోలకు వచ్చిన నాయకుడి మనిషి కాటమయ్యతో ఒకటి చెడిపోయిందని చెప్పాడు. ఒక ప్రాణం నిలబెట్టానన్న తృప్తితో మళ్ళీ పనిలో పడ్డాడు.

పొద్దు వాలుతుండగా సుబ్బరాయుడే వచ్చాడు, ఇద్దరు మనుషులతో. వాళ్ళు షట్టరు దించారు.

“ఆ ఫిలిం యాడుంది?”

“కాల్చేసినానప్పా. నీ పిల్లోళ్ళు గుర్తొచ్చినారు.”

సుబ్బరాయుడు స్టూలు మీద కూలబడ్డాడు. నిజంగానే అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“శానా మంచి పని చేసినావు మామా. అయితే నువ్వు చూసినావు గదా.”

“నేనెవురికీ చెప్పను.”

“ఈ పొద్దు చెప్పవు.”

అతను లేచి, తన మనుషుల వైపు చూడకుండానే షట్టరు సగం ఎత్తి బయటికి నడిచాడు. వాళ్ళిద్దరూ లోపలే ఉండిపోయారు.

దీపాలు పెట్టే వేళ దాటినా భర్త రాకపోతే లీలమ్మే వెతుక్కుంటూ వచ్చింది. చీకటిగదిలో ఆయన ఒళ్ళు చల్లబడి బోర్లా పడి ఉన్నాడు. ఆయన ఎవరికి ఏం అపకారం చేశాడో ఆమెకు ఎప్పటికీ తెలియలేదు.

మర్నాడు పింఛను ఫారానికి తీయించుకున్న ఫొటోల కోసం హజరాబీ వచ్చి, జనాన్ని చూసి గడపలోనే ఆగిపోయింది. లోపల తాడుకు క్లిప్పుతో వేలాడుతున్న కాగితం మీద ఆమె ముఖాలు ఎనిమిది, ఇంకా కత్తిరించనివి.