ధనుష్కోటి ఇసుకలో రాగిబిళ్ల

తడి ఇసుక. ఉప్పుగాలి. కాలివేళ్ల సందున చల్లగా ఏదో తగిలింది.

సుశీల వంగి తీసింది.

రాగిబిళ్ల. అలలు అరగదీసిన బిళ్ల — బొమ్మ లేదు, అక్షరం లేదు, అంచు కూడా సగమే.

తంగళ్ళపల్లి నుంచి రామేశ్వరం యాత్రకు వచ్చిన బస్సు ధనుష్కోటిలో గంటసేపు ఆగింది. అందరూ సముద్రం ముందు ఫోటోలు దిగుతున్నారు. వదిన సుమిత్ర బిళ్లను చూసి నవ్వింది.

"ఏమున్నది దాంట్ల? అవుతల పారెయ్."

సుశీల పారేయలేదు.

అవతల పడేయడమంటే ఏమిటో ఆమెకు తెలుసు. ఇరవై రెండేళ్లు... సిరిసిల్లలో ఒకే షెడ్డులో మరమగ్గాల గుడ్డను పరీక్షించింది. బల్లమీద గుడ్డ జారుతుంటే తెగిన పోగు దగ్గర వేలు దానంతటదే ఆగేది. నిరుడు చూపు మసకబారింది.

"నీకు కండ్లు ఆనుతలేవు. ఇగ ఇంటికాడ ఉండు," అన్నాడు సేటు.

వేళ్ల సంగతి ఎవరూ అడగలేదు.

తిరుగుప్రయాణం రెండు రోజులు. బిళ్ల ఆమె పిడికిట్లోనే ఉంది. బొటనవేలు దానిమీద తిరుగుతూనే ఉంది. మొదట ఏమీ లేదు... మధురై దాటినా ఏమీ లేదు. తర్వాత —

ఒక గీత. నిలువుగా.

గీత పైన, విప్పిన గొడుగులా ఏదో.

చెట్టు!

బస్సంతా నిద్రపోతోంది. సుశీల ఒక్కతే నవ్వుకుంది.

వారం తిరక్కుండా కోరుట్ల వెళ్లింది. అక్కడ లచ్చయ్య సారు ఉన్నాడు — రిటైరైన పంతులు, దేశదేశాల నాణేలు పోగుచేసే మనిషి. ఆయన భూతద్దం పెట్టి చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. పెదవి విరిచాడు.

"మొత్తం అరిగిపోయింది చెల్లె. గిది ఏ దేశందో ఎవ్వలు చెప్పలేరు."

"నేను చెప్త సారూ."

తన గొంతు విని తనే ఉలిక్కిపడింది.

కళ్లు మూసుకుంది. వేలు కదిలింది.

"నడుమ తాటిచెట్టు అసొంటిది. దాని సుట్టు సన్నటి సుక్కలు. సుక్కల అవుతల రాత... మీరు కాయితం మీద గీయుండ్రి. పగిలిన చేతిగాజు ముక్క లెక్క ఒకటి. దాని పక్కకు మూడు పండ్ల దువ్వెన. దాని పక్కకు పంగలకర్ర."

లచ్చయ్య సారు గీశాడు.

సీ.

ఈ.

వై.

పెన్ను ఆగింది. ఆయన కుర్చీలోంచి లేచాడు. అలమారలోంచి లావుపాటి పుస్తకం తీసి గబగబా తిప్పాడు — దొరికింది. తాళజాతి చెట్టు. చుట్టూ చుక్కలు. పైన ఇంగ్లీషు రాత. ఆమె చెప్పినది చెప్పినచోటే ఉంది.

"సిలోన్! శ్రీలంక పాత పేరు. గా సముద్రం అవుతలి దేశపు పైస ఇది!" ఆయన పుస్తకం ఆమె వైపు తిప్పాడు. "భూతద్దం పెట్టినా నాకు దొరకలే. నువ్వెట్ల పట్టినవ్?"

"గుడ్డ చూసేదాన్ని సారూ."

అంతే అంది. కానీ నడుము నిటారైంది. మెడ లేచింది. నిరుటినుంచి ఒళ్లో ముడుచుకుని కూర్చున్న రెండు చేతులు బల్లమీదికి వచ్చాయి — వెడల్పుగా, వెలుతురులోకి.

"ఏ సాలుదో సుత దొరుకుతదా?" అడిగాడు ఆయన, విద్యార్థిలా.

బొటనవేలు బిళ్ల అడుగు అంచుకు జారింది.

"ఒకటి... తొమ్మిది... రెండు..."

ఆగింది.

మూడా? ఎనిమిదా?

లచ్చయ్య సారు భూతద్దం అందుకోబోయాడు.

"ఉండుండ్రి సారూ," అంది సుశీల. "నన్ను చూడనియ్యుండ్రి."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఆమె మళ్లీ కళ్లు మూసుకుంది.