విడిచిపెట్టిన ముద్ద

బియ్యం మూడోసారి కడిగి, కడుగునీళ్లు బకెట్లోకి వంచి, జములమ్మ మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచి నిలబడింది. గోడ పట్టుకోలేదు. మూడేళ్ల కిందటైతే పక్కనే కూరగాయలు తరిగే సుగుణమ్మ వచ్చి చంకలో చెయ్యేసి లేపితే తప్ప లేవలేకపోయేది. ఇప్పుడు రోజుకు ఇరవైసార్లు తనే లేస్తుంది, కూర్చుంటుంది. చూసేవాళ్లకు అదొక లెక్కలోది కాదు గానీ, లేచిన ప్రతిసారీ ఆమె లోలోపల మురిసిపోతుంది.

నాగర్‌కర్నూల్ ఊరి చివర ఆ బాలికల హాస్టల్లో ఎనభై మంది పిల్లలకు పన్నెండేళ్లుగా వండిపెడుతోంది జములమ్మ. యాభై నాలుగేళ్లుంటాయి. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. ముంజేతి మీద చిన్నప్పుడు పొడిపించుకున్న పచ్చబొట్టు తేలు ఒకప్పుడు బిగువుగా ఉండేది, ఇప్పుడు చర్మం వదులై ముడతల్లో ఒదిగి పడుకుంది. అప్పట్లో సబ్బు రాస్తే గానీ ఎక్కని గాజులు ఇప్పుడు గంటె తిప్పినప్పుడల్లా మోచేతి దాకా జారుతున్నాయి. వంటమనిషి లావుగా ఉంటేనే వంట రుచి అనుకునే లోకం మనది. ఆమె తగ్గుతుంటే మెచ్చుకున్నవాళ్ల కన్నా, “ఏం రోగం అక్కా?” అని అడిగినవాళ్లే ఎక్కువ.

ఆమెకు ఒళ్లు వచ్చింది తిండి మీది యావతో కాదు. అసలు ఆమె ఏనాడూ కూర్చుని తిన్నదే లేదు. ఉప్పు చూడడానికి ఒక ముద్ద, కారం చూడడానికి ఒక ముద్ద. పిల్లలు తినిపోయాక బగోనా అడుగున మిగిలింది పారేయలేక నిలబడే గీకి తినేది. మిగిలితే మధ్యాహ్నం, మళ్లీ మిగిలితే రాత్రి. ఆకలి ఉందా లేదా అని కడుపును అడిగింది లేదు.

అడిగే అలవాటు ఆమె పుట్టింట్లోనే లేదు. గద్వాల దిక్కు పల్లె వాళ్లది. కాలువ తవ్వకాలకని అమ్మానాన్నలు పిల్లల్ని వెంటబెట్టుకుని బొంబాయి దిక్కు వలసపోయేవాళ్లు. గుడిసె ముందు అమ్మ జొన్న గటక కుండను వేళ్లతో గీకి ముగ్గురు పిల్లల చేతుల్లో పెట్టేది. చివరికి ఆ కుండలో నీళ్లు పోసి, గిలకొట్టి, తాను తాగేది. “నాకు ఆకలైతలేదు బిడ్డా” అనేది. బగోనాలో మెతుకు కనబడితే చాలు, జములమ్మకు ఆ మాట చెవిలో వినిపిస్తుంది.

దవాఖానలో తూకం వేస్తే తొంభై రెండు కిలోలు. చక్కెర జబ్బు వచ్చిందనీ, మోకాళ్లు అరిగాయనీ, బరువు తగ్గాల్సిందేననీ డాక్టరు గట్టిగా చెప్పాడు. తగ్గడానికి జములమ్మకు తెలిసిన దారి ఒక్కటే, ఒక్కపొద్దు. సోమవారం శివుడికి, గురువారం సాయిబాబాకు, శనివారం వెంకన్నకు ఇచ్చేసింది. మిగిలిన రోజుల్లో రాత్రి తిండి మానేసింది. రెండు నెలల్లో ఎనిమిది కిలోలు పోతే అందరూ శభాష్ అన్నారు. తర్వాత ఒక పొద్దున మరిగే పప్పుచారు ముందు కళ్లు తిరిగి పడిపోయింది. కుడి చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా కాలింది. మంచంలో పడ్డ ఆ నెలలో ఆకలి పగబట్టినట్టు మీద పడింది. పోయినవి ఎనిమిది, చుట్టాలను వెంటేసుకుని వచ్చినవి పది.

కట్టు మార్చిన నర్సు రోజా చిన్నపిల్ల. కూతురి ఈడుది. అయినా కసిరింది.

“దేవుని పేరు మీద నీ కడుపును ఎందుకు కొట్టుకుంటవమ్మా? ఒక పళ్లెం కొనుక్కో. మూడు పూటలు కూసోని తిను. కడుపు నిండిందని తెల్వంగనే ఆపు. జల్ది తగ్గాలని పరేషాన్ గాకు, ఏండ్లు పట్టనీ.”

చిన్న స్టీలు పళ్లెం కొని, అంచు మీద పేరు కొట్టించుకుంది జములమ్మ. వంటింటి కిటికీ పక్కన పీట వేసుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తన కోసం తాను వడ్డించుకుని కూర్చుంది. మొదట సిగ్గేసింది. రానురాను ఆ పావుగంట కోసం ఎదురుచూసేది. కొన్ని నెలలు తూకం ముల్లు కదిలేది కాదు, పండుగ వస్తే ఒక కిలో పెరిగేది. పెరిగిందని మాడలేదు, తగ్గిందని మురిసి మానేయలేదు. మూడేళ్లకు ఎనభై ఒకటికి వచ్చింది.

ఒక్కటి మాత్రం ఇన్నేళ్లయినా చేతకాలేదు. కడుపు నిండాక పళ్లెంలో ముద్ద మిగిలితే విడిచిపెట్టలేకపోయేది. “నిండినంక తినేది గూడ పారేసినట్టే. నీ లోపల పారేస్తున్నవ్, గంతే” అని రోజా చెప్పి చూసింది. మాట నిజమేనని తెలుసు. చెయ్యి వినేది కాదు.

ఆ మధ్యాహ్నం అన్నం గుండి దింపుతుంటే ఎడమ భుజం పట్టేసినట్టయింది. బరువుకు నరం పట్టిందనుకుని కొబ్బరినూనె రాసుకుంది. పిల్లలు వరుసలో వస్తున్నారు. పదో తరగతి అఖిల పళ్లెం నిండా అన్నం పెట్టించుకుని మూలకు వెళ్లింది. రెండు నిమిషాల తర్వాత ఆ అన్నమంతా ఎంగిలి బకెట్లో ఉంది.

ఇది పదో రోజు. అచ్చంపేట అవతలి పల్లె పిల్ల, కాస్త ఒళ్లున్న పిల్ల. తోటి పిల్లలు ఇద్దరు “డ్రమ్ము” అని పేరు పెట్టారనీ, అప్పటి నుంచే ఇదంతా అనీ జములమ్మ చెవిన పడింది. ఈరోజు చేతులు కడిగే చోట ఆ పిల్ల నల్లా పైపు పట్టుకుని కళ్లు మూసుకుని నిలబడడం చూసింది. తాను పప్పుచారు ముందు పడిన పొద్దు గుర్తొచ్చింది. గంటె కింద పెట్టి వెళ్లింది.

“ఎన్ని దినాలాయె బిడ్డా తినక?”

“ఆకలైతలేదు పెద్దమ్మా.”

“గా మాట నాకు చెప్పకు. మా అమ్మ నాకు చెప్పింది, నేను మస్తు మందికి చెప్పిన.” కుడి చెయ్యి ముందుకు చాపి కాలిన మచ్చ చూపించింది. “గిది తినక పడ్డనాటి గుర్తు. ఎనిమిది కిలోలు పోయినయ్. మల్ల చుట్టాలను తోల్కొని వచ్చినయ్.”

అఖిలకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చింది.

“నేను గిట్లనే ఉండాల్నా మరి?”

“ఎట్లుంటవో నాకు తెల్వదు. మాపటికి మాత్రం నా పక్కన కూసో. ఎంత పడితే గంతే తిను. నీ కడుపును అడుగు, గా పోరిలను గాదు.”

సాయంత్రం ఏడింటికి అందరి భోజనాలయ్యాక ఇద్దరూ కిటికీ పక్కన కూర్చున్నారు. అన్నం, వంకాయకూర, పప్పుచారు. అఖిల మొదటి ముద్ద చాలాసేపు నమిలింది. రెండోది కొంచెం తొందరగా పోయింది. జములమ్మ తన తిండి తాను తింటోంది. సగం పళ్లెం అయ్యాక ఆ పిల్ల ఆగి, భయంగా చూసింది.

“నిండింది పెద్దమ్మా.”

“అయితే ఆపు. గంతే మరి.”

అని తన పళ్లెం వైపు చూసుకుంది జములమ్మ. చివరి ముద్ద కలిపి ఉంది. కడుపు నిండి ఉంది. వేళ్లు అలవాటుగా ముద్దను నొక్కి పట్టుకున్నాయి. ఎదురుగా ఆ పిల్ల చూస్తోంది. చెప్పిన మాట తనకు వర్తించకపోతే ఈ పిల్ల ఎందుకు వినాలి? జములమ్మ వేళ్లు విప్పింది. తప్పయింది అమ్మా, అనుకుంది మనసులో.

“నాకు గూడ నిండింది,” అంది. పళ్లెంలోని ముద్ద మీద గిన్నె బోర్లించి, పళ్లేన్ని కిటికీ గట్టున పెట్టింది. “పొద్దుగాల పిట్టలకు ఏస్త.”

“రేపు గూడ కూసుందామా?”

“రేపేంది, నీ పరీక్షలయ్యేదాంక కూసుందాం.”

మర్నాడు పొద్దున ఐదైనా జములమ్మ పనిలోకి రాలేదు. సుగుణమ్మ హాస్టల్ వెనక సందులోని ఆమె గదికి వెళ్లి తలుపు కొట్టింది. చివరికి ఇరుగుపొరుగు వాళ్లు తలుపు తోసి తీశారు. చెయ్యి తల కింద పెట్టుకుని, పక్కకు ఒత్తిగిలి, నిద్రపోతున్నట్టే ఉంది. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. వనపర్తిలో ఉన్న కూతురికి ఫోన్ చేశారు.

ఎనిమిదయ్యేసరికి సందు నిండింది. తలా ఒక మాట. “నోరు కట్టుకొని కట్టుకొని పాణం మీదికి తెచ్చుకున్నది.” “నిండుగ ఉన్నప్పుడే మంచిగుండె.” మూడేళ్లు కూర్చుని తృప్తిగా తిన్న మనిషిని తిండి లేక పోయిందని తేల్చేశారు. కాదని చెప్పడానికి ఆమె లేదు.

హాస్టల్ వంటింట్లో సుగుణమ్మ కిటికీ గట్టున ఉన్న గిన్నె ఎత్తి పక్కన పెట్టి, ముద్ద చూసి బావురుమంది.

“చూడండ్రి మేడం. ముద్ద కలుపుకొని గూడ తినలే మా అక్క. ఇడిచిపెట్టి పోయింది.”

వార్డెన్ నిట్టూర్చింది. గుమ్మంలో నిలబడ్డ అఖిల ముందుకొచ్చింది.

“తిన్నది మేడం. నా ముందటనే తిన్నది. కడుపు నిండిందనే ఆపింది.”

“నీకేం తెల్వదు, చిన్నపిల్లవు. పో, రెడీ కాపో,” అంది వార్డెన్ కొంగుతో కళ్లొత్తుకుంటూ.

మధ్యాహ్నం సుగుణమ్మ ఒక్కతే వండింది, అన్నం అడుగంటింది. అఖిల పళ్లెం పట్టుకుని మూలకు పోలేదు, కిటికీ పక్కకు వచ్చి కూర్చుంది. ముద్ద దిగలేదు. నీళ్లు తాగి, ఏడ్చి, మళ్లీ కలుపుకుంది. ఎంత తిన్నదో ఎవరూ చూడలేదు. పళ్లేలు తోమడానికి వచ్చిన సుగుణమ్మ గట్టు మీదికి చెయ్యి చాపితే, “గా ముద్ద ఉండనీ అత్తా, పిట్టలకని పెట్టింది,” అని ఆపింది.

పిట్టలు ఇంకా రాలేదు. పేరు కొట్టించిన ఆ చిన్న పళ్లెం ఎండకు వేడెక్కుతోంది. ఎండి గట్టిపడిన ముద్ద మీద నాలుగు వేళ్ల అచ్చు అలాగే ఉంది.