పిండి సంచి నడక

తెర మీద విలన్ చెయ్యి విరిగిన క్షణంలోనే మైకు ముందు ఒక క్యారెట్టు విరిగింది. విరిచింది చెవులపిల్లి.

అది ఆమె అసలు పేరు కాదు. సౌండ్ స్టూడియోలో మాస్టారు పెట్టిన పేరు. అడుగుల చప్పుడు, తలుపు కిర్రు, వాన, ఎముక విరగడం, ఇలా సినిమాకు కావలసిన చప్పుళ్లన్నీ చేతులతో, కాళ్లతో పుట్టించే మనిషాయన. కాలేజీలో చదువుతున్న ఆమెను ఒక ట్రస్టు తన ఖర్చుతో సెలవుల్లో ఆయన దగ్గర శిక్షణకు పెట్టింది. షరతు ఒక్కటే. ఏం నేర్చుకుందో ట్రస్టు బ్లాగులో రాయాలి. ఆ రాత కమిటీకి నచ్చితేనే రెండో విడత శిక్షణ. నచ్చకపోతే ఇక క్యారెట్లు కూరలోకే.

గడువు ఆ సాయంత్రమే. రాతలు చూడ్డానికి కమిటీ కూర్చునేదీ అప్పుడే.

ఇంటికొస్తూనే, రాసి పెట్టుకున్నది అమ్మమ్మకు చదివి వినిపించింది. అమూల్యమైన అవకాశం, మరపురాని అనుభవం, పేరుపేరునా కృతజ్ఞతలు. అమ్మమ్మ బఠాణీలు ఒలుస్తూ ఓపిగ్గా చివరిదాకా వింది.

"రిటైర్మెంటు సభలో ఉపన్యాసంలా ఉందే. ఇంతకీ అక్కడ నువ్వు నేర్చుకుందేమిటి?"

చెవులపిల్లి కాసేపు నసిగి అసలు సంగతి చెప్పింది. మొదటివారమంతా నడవడమే పని. తెర మీద హీరోయిన్ అడుగు వేస్తే ఇక్కడ తనూ వెయ్యాలి. ఒక్క అడుగు తప్పకుండా నడిచినా మాస్టారు తల అడ్డంగా ఊపేవాడు. ఎందుకో చెప్పేవాడు కాదు. ఆమెకు ఏడుపొక్కటే తక్కువైనప్పుడు తెర వైపు వేలు చూపించాడు. హీరోయిన్ చంకలో బిడ్డ ఉంది. చెవులపిల్లేమో చేతులూపుకుంటూ నడుస్తోంది. అడుగులు కలిశాయి గానీ బరువు కలవలేదు.

మరి ఇదంతా రాతలో ఏదని అమ్మమ్మ నిలదీసింది. రాస్తే నవ్వులపాలవుతానంది మనవరాలు.

"నవ్వితే నవ్వనీవే. ఆవలింతల కంటే నయం కదా? ఏదీ, ఆ నడక నన్ను విననీ."

చెవులపిల్లి రికార్డరు తీసి వంటింటి గట్టు మీద పెట్టి, మీట నొక్కింది. వాళ్లమ్మ ఎత్తు మడమల చెప్పులు తొడుక్కుంది. రెండుసార్లు నడుస్తానని, బిడ్డ ఏ నడకలో ఉందో చెప్పమని అమ్మమ్మకు పరీక్ష పెట్టింది. అమ్మమ్మ కళ్లు మూసుకుంది. టక్ టక్ టక్. మళ్లీ, టక్... టక్... టక్.

"రెండో నడకలో," అంది అమ్మమ్మ గుసగుసగా. "బిడ్డ నిద్రపోతోంది కూడా. లేస్తుందేమోనని తల్లి జాగ్రత్తగా అడుగేస్తోంది."

కళ్లు తెరిచి చూస్తే, మనవరాలి చంకలో గోధుమపిండి సంచి.

చెవులపిల్లి ఎగిరి గంతేసింది. పాత రాతంతా చెరిపేసింది. ముందు వినండి, తర్వాత చదవండి అని మొదలుపెట్టి, జరిగింది జరిగినట్టు రాసింది. 'వచ్చిన రోజున నాకు నడవడం వచ్చనుకున్నాను' అని ముగించింది. రికార్డింగులో రెండు నడకలూ విని, బాగున్నాయనుకుని, దాన్ని రాతకు జతచేసి, గడువు దాటకముందే బ్లాగులో పోస్టు పెట్టేసింది.

ఊపిరి పీల్చుకునేలోగా అమ్మ ఆఫీసు నుంచి వచ్చింది. చేతిలో ఫోను, ముఖంలో అనుమానం. నేరుగా వెళ్లి అమ్మమ్మ ముందు నిలబడింది.

"అమ్మా, ట్రస్టు వాళ్లకు చెవులున్నాయా అని అడిగావా నువ్వు?"

చెవులపిల్లి ఆ ఫోను లాక్కుని రికార్డింగు చివరిదాకా వింది. స్టూడియోలో ఆమె పని నడవడం వరకే. యంత్రం ఆపడం, రికార్డింగు చివర అక్కర్లేని తోక కత్తిరించడం రికార్డింగ్ ఇంజనీరు పని. ఆ అలవాటుకొద్దీ ఇంట్లోనూ నడక అవగానే మైకు దగ్గర నుంచి వచ్చేసింది. యంత్రం తన పని తాను చేసుకుపోయింది. నడకల తర్వాత అమ్మమ్మ గొంతు గంటలా మోగుతోంది. "పిండి సంచికా నేను గొంతు తగ్గించి మాట్లాడాను! అది సరే గానీ, ఆ కమిటీ పెద్దలకు చెవులున్నాయా, లేక కాగితాలు చూసే కళ్లేనా?"

పోస్టు తీసేద్దామంటే ఆ అధికారం ట్రస్టుదే. అంతలో చెవులపిల్లి ఫోను మోగింది. ట్రస్టు అధ్యక్షురాలు.

"మీ పోస్టు విన్నామమ్మా," అందావిడ తాపీగా. "చివరిదాకా."

చెవులపిల్లి క్షమాపణ చెప్పబోతే ఆవిడ అడ్డుకుంది.

"బిడ్డ ఏ నడకలో ఉందో కొందరం కనిపెట్టాం. ఓడిపోయినవాళ్లు పంతం పట్టి మళ్లీ మళ్లీ వింటున్నారు. ఇంతసేపు మా కమిటీ ఏ రాత దగ్గరా ఆగలేదు. రెండో విడతకు వస్తున్నావని మీ మాస్టారికి చెప్పు. ఇక ఫోను అమ్మమ్మగారికి ఇవ్వు. మాకు చెవులున్నాయని ఆవిడకు చెప్పుకోవాలి."

అమ్మమ్మ ఏమాత్రం తొణకలేదు.

"నోటిమాట ఎలా నమ్మేదమ్మా? ఉండండి, నేను నడుస్తాను. చేతిలో ఏముందో చెప్పండి చూద్దాం."

అని బఠాణీల గిన్నె ఎత్తుకుంది. చెవులపిల్లి చప్పున మోకాళ్ల మీద కూర్చుని, ఫోను నేలకు దగ్గరగా పట్టుకుంది.