సోమవారం ఎనిమిది గంటలు

రక్తదాతలకు తెలియని నంబర్ల నుంచి ఫోన్లు వస్తున్నాయన్న సంగతి తెనాలి ఆఫీసులో కూర్చునే వైదేహికి మొదట పెనుమూడి రైతు శాలేమురాజు ద్వారా తెలిసింది. ఆయనది అరుదైన ఓ నెగటివ్ గ్రూపు. అడిగినప్పుడల్లా కాదనకుండా వచ్చి రక్తం ఇచ్చే మనిషి.

"ఎవడో ఫోన్ చేసి మా ల్యాబుకి రండి, కారు పంపుతాం అంటున్నాడమ్మా. నా గ్రూపేంటో, ఆఖరిసారి ఎప్పుడిచ్చానో కూడా చెప్తున్నాడు. ఇదంతా వాడికెలా తెలిసింది?" అని ఆయన గట్టిగానే అడిగాడు.

వారం తిరిగేసరికి అలాంటి ఫిర్యాదులు మరో ఆరు వచ్చాయి.

రక్తదాతలను సమకూర్చే వాళ్ల సంస్థకు తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో మూడు ఆఫీసులున్నాయి. దాతల వివరాలన్నీ ఒకే డేటాబేసులో ఉంటాయి. దాన్ని చూసుకునేది వైదేహి. కావలసిన పేర్లను క్వెరీ రాసి తీసుకునే టూల్ మూడు చోట్లా ఉంది కానీ, అందరూ వాడేది ఒకటే యూజర్ పేరు, ఒకటే పాస్‌వర్డ్. ఎప్పుడు ఏ క్వెరీ నడిచిందో నమోదయ్యే లాగ్ తెరిచి చూస్తే ప్రతి సోమవారం ఉదయం సరిగ్గా ఎనిమిదికి ఎవరో మొత్తం జాబితా లాగుతున్నట్టు కనిపించింది. ఎవరన్నది, ఏ ఆఫీసు నుంచన్నది మాత్రం లేదు. ఉన్నది ఆ ఉమ్మడి పేరే.

తెనాలి, బాపట్ల ఆఫీసులు తెరిచేది పదింటికి. అంత పొద్దున్నే వచ్చేది రేపల్లెలో ఆరిఫ్ ఒక్కడే.

ఆ ఆలోచన వచ్చాక వైదేహికి అతని ప్రతి మాటా వేరేగా వినిపించసాగింది. కిందటి నెల కొత్త ఫోన్ ఎందుకు కొన్నాడు? దాతల ఊర్లు, పేర్లు చూడకుండా ఎలా చెప్పగలుగుతాడు? సంస్థ కార్యదర్శి గౌరీశంకరం గారితో మాత్రం అతని పేరు చెప్పలేదు. "ఎవరి ఆఫీసు మెయిల్‌తో వాళ్లు లాగిన్ అయ్యేలా పెడదామండి. టూల్‌ని క్లౌడ్‌లో ఉన్న మన ఉద్యోగుల డైరెక్టరీకి కలిపితే ఏ క్వెరీ ఎవరు నడిపారో పేరుతో సహా తెలిసిపోతుంది" అంది. ఆయన సరేనన్నారు.

శనివారం కూర్చుని పని పూర్తి చేసింది. డైరెక్టరీలో ఒక గ్రూపు తయారుచేసి, జాబితా చదివే అనుమతి డేటాబేసులో ఆ గ్రూపుకే ఇచ్చింది. పాత ఉమ్మడి లాగిన్ మూసేసింది. బాపట్ల ఆఫీసులో పనిచేసే స్టెల్లాను గ్రూపులో చేర్చింది. ఆరిఫ్ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగి, వదిలేసింది.

సోమవారం పొద్దున్నే ఆరిఫ్ ఫోన్ చేశాడు. "అక్కా, మెయిల్ ఇచ్చాను, ఫోనుకొచ్చిన కోడ్ కూడా కొట్టాను. లాగిన్ ఫెయిల్ అంటోందండి."

"కొత్తది కదా, చూస్తాలే" అంది వైదేహి.

ఆ రోజు ఎవరూ మొత్తం జాబితా లాగలేదు. అతన్ని ఆపగానే ఆగిపోయిందిగా! ఇంకేం కావాలి అనుకుంది.

బుధవారం మధ్యాహ్నం ఆరిఫ్ రెండుసార్లు ఫోన్ చేశాడు. ఆమె తీయలేదు. సాయంత్రం గౌరీశంకరం గారు చెప్తే తెలిసింది. రేపల్లెలో ఒక కాన్పు కేసుకు ఓ నెగటివ్ కావాల్సి వచ్చిందట. జాబితా తెరుచుకోక, నంబరు దొరక్క, ఆరిఫ్ బండేసుకుని పెనుమూడి వెళ్లి, పొలంలో ఉన్న శాలేమురాజును వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడట. తల్లీ బిడ్డా క్షేమం.

వైదేహికి అప్పటికీ అనుమానం పోలేదు. గౌరీశంకరం గారికి ఆధారం చూపించాలని గురువారం పొద్దున్న ఫెయిలైన లాగిన్ల లాగ్ తెరిచింది. సోమవారానివి రెండు వరుసలున్నాయి. ఎనిమిదీ ఇరవై అయిదుకు ఆరిఫ్ మెయిల్. దానికి పైన, సరిగ్గా ఎనిమిదికి, మూసేసిన ఉమ్మడి పేరు. అది వచ్చింది రేపల్లె నుంచి కాదు, తెనాలి ఆఫీసులోని సర్వర్ నుంచే.

వెతికితే ఆ సర్వర్‌లో వారం వారం దానంతటదే నడిచే క్వెరీ ఒకటి దొరికింది. రెండేళ్ల కిందట బాపట్లలో పనిచేసిన జీవన్ కుమార్ అడిగితే వైదేహి తనే పెట్టింది. జాబితా అతని సొంత మెయిల్‌కు వెళ్లేలా. అతను మానేసి ఓ ప్రైవేటు ల్యాబులో చేరి ఆరు నెలలైంది. దీన్ని ఆపాలన్న సంగతే ఆమెకు గుర్తులేదు.

గౌరీశంకరం గారికి జరిగింది జరిగినట్టు చెప్పి, ఆ మధ్యాహ్నమే రేపల్లె రైలెక్కింది.

అంతా విని ఆరిఫ్, "స్టెల్లా గారికి తెరుచుకుంది, నాకు తెరుచుకోలేదు. నన్నే ఆపారని అప్పుడే అర్థమైందండి" అన్నాడు.

"మరి నన్నడగలేదేం?"

"బుధవారం చేశానుగా. మీరు తీయలేదు."

ఆమె తన ల్యాప్‌టాప్ తెరిచి అతని పేరు గ్రూపులో చేర్చింది. ఈసారి జాబితా తెరుచుకుంది.

"నన్ను క్షమించు ఆరిఫ్."

"ముందు వీళ్లకి చెప్పండి. నంబర్లు మన దగ్గర్నుంచే బయటికెళ్లాయని మీ నోటితో చెప్పండి" అంటూ అతను స్క్రీన్ ఆమె వైపు తిప్పాడు.

జాబితాలో మొత్తం రెండు వందల పన్నెండు మంది. ఆమె రోజూ రేపల్లె వచ్చి, మూడు రోజులు అక్కడే కూర్చుని అందరికీ ఫోన్ చేసింది. కొందరు తిట్టారు. పదకొండు మంది తమ పేర్లు తీసేయమన్నారు. వాళ్ల పేర్లు తీసేసింది. శాలేమురాజు మాత్రం ఆరిఫ్ సంగతితో సహా మొత్తం విని, "ఆ కుర్రాడిని అనుమానించావా తల్లీ!" అని ఫోన్ పెట్టేశాడు.