తెల్లబడిన ఆముదం

నేను ఒక గాజు కొలజాడీని. ఒంటి మీద సున్నా నుంచి వంద దాకా గీతలు, నెత్తిన గాజు బిరడా, అంచున ఊడిపోయిన ఒక పెచ్చు. ఆ పెచ్చు ఊడగొట్టినవాడు నాగభూషణం సేటు. పదకొండేళ్లు ఆయన మీద పగ పట్టాను. గాజుకు పగేమిటని మీరు నవ్వితే నవ్వండి.

కొలిమిలో ఊది నన్ను తయారు చేసిన ఊరేదో నాకు గుర్తు లేదు. హైదరాబాదు కోఠీలో నన్ను కొన్న మనిషి మాత్రం బాగా గుర్తు. ఆయన పేరు మొహినుద్దీన్. పాలమూరు వైపు ఒక ఆముదం మిల్లులో నూనె పరీక్షించే పని ఆయనది. ఆ మిల్లు నాగభూషణానిది. మిల్లువాళ్లిచ్చిన జాడీల గీతలు సరిగా లేవని, సొంత డబ్బుతో నన్ను కొని, తువ్వాలులో చుట్టి బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు.

మా పని చిన్నది. నాలో ఇరవై గీత దాకా ఆముదం, దాని మీద అరవై దాకా స్పిరిట్ పోసి, బిరడా బిగించి ఊపేవాడు. నూనెలన్నిటిలో ఆముదానిదొక వింత గుణం. వేరుశనగ నూనె, నువ్వుల నూనె, పామాయిల్ స్పిరిట్‌లో పోస్తే తెల్లగా విరిగి అడుగుకు దిగిపోతాయి. ఆముదం ఒక్కటే ఆనవాలు లేకుండా కరిగిపోతుంది. పెట్రోలుతో అయితే కథ తిరగబడుతుంది. ఆ నూనెలన్నీ అందులో హాయిగా కరుగుతాయి, ఆముదం మాత్రం ఎడంగా నిలబడుతుంది. అందుకే ఆముదంలో కల్తీ చేసినవాడు స్పిరిట్ ముందు దాక్కోలేడు.

ఒక వేసవిలో మొహినుద్దీన్ పెద్ద ట్యాంకు నుంచి నూనె తెచ్చి నాలో పోశాడు. ఊపగానే నా కడుపంతా తెల్లబడింది. పావు వంతు పామాయిల్. ఆయన వెళ్లి సేటుకు చెప్పాడు. మంచిదని రాసి సంతకం పెట్టమన్నాడు సేటు. మొహినుద్దీన్ పెట్టలేదు. అయినా నూనె కొన్నవాళ్లకు వెళ్లింది, కల్తీదని పదిహేను రోజులకు తిరిగి వచ్చింది.

కొన్నవాళ్ల మనుషులు కూడా వచ్చి మిల్లు ముంగిట నిలదీశారు. నాగభూషణం హమాలీలందరినీ పిలిచి, వాళ్లెదుటే మొహినుద్దీన్‌ను చూపించాడు. మంచి ఆముదం బయట అమ్ముకుని పామాయిల్ పోసింది ఈయనేనన్నాడు. మొహినుద్దీన్ గొంతు పెంచలేదు. సీలు వేసి దాచిన పాత నమూనాలు తన దగ్గరున్నాయని, ఎన్నాళ్లుగా కలుస్తోందో అందరి ముందూ చూపిస్తానని, ఒక చేత్తో నన్ను, ఇంకో చేత్తో నమూనా సీసా పట్టుకుని ముందుకు వచ్చాడు. సేటు ఆ రెండు చేతుల మీదా కొట్టాడు. సీసా పగిలి ఆముదం గచ్చు మీద పారింది. నా అంచు పెచ్చు ఊడింది. హమాలీలు తలలు దించుకున్నారు.

ఆ తర్వాత ఏ మిల్లూ ఆయనకు పని ఇవ్వలేదు. బజారులో స్టవ్‌లు బాగుచేస్తూ నాలుగేళ్లు బతికాడు. సాయంత్రాలు కూతురు షాహిదాను కూర్చోబెట్టుకుని నాతో పరీక్షలు నేర్పేవాడు. ముందు స్పిరిట్‌ను పరీక్షించాలని ప్రతిసారీ చెప్పేవాడు. స్పిరిట్‌లో నీళ్లు కలిస్తే మేలైన ఆముదం కూడా కరగక తెల్లబడుతుంది, నిర్దోషి దొంగలా కనబడతాడు అనేవాడు. ఆయన పోయిన రోజు షాహిదా నన్ను కడిగి తన ట్రంకు పెట్టెలో దాచుకుంది.

ఆమె కెమిస్ట్రీ చదివింది. ఆముదం కొనే ఒక కంపెనీలో ఉద్యోగం వచ్చింది. తండ్రి పోయిన ఏడేళ్లకు ఆ కంపెనీ పాలమూరు మిల్లులవాళ్లను పిలిచింది. ఏడాది పొడుగునా నూనె ఎవరి దగ్గర కొనాలో అందరి ఎదుటా పరీక్షించి తేలుస్తామంది. నాగభూషణం వచ్చాడు. జుట్టు నెరిసింది. షాహిదాను గుర్తుపట్టలేదు.

ఆ రోజు పొద్దున్నే, ఎవరూ రాకముందే, ఆమె నన్ను ట్రంకు పెట్టెలోంచి తెచ్చి, సేటు ముందుగా పంపిన నమూనాను నాలో పోసింది. మంచి స్పిరిట్ పోసి ఊపింది. నేను తెలుపు కోసం ఎదురుచూశాను. నూనె కరిగిపోయింది. కిటికీలోంచి వచ్చిన ఎండ నాలోంచి సూటిగా బల్ల మీద పడింది. ఈసారి ఆయన కల్తీ చేయలేదు.

షాహిదా నా అంచున పెచ్చు ఊడినచోట వేలితో తడిమింది. తర్వాత నన్ను ఖాళీ చేసి, ఇంకో సీసాలో స్పిరిట్ సగం పోసి, మిగతా సగం కుళాయి నీళ్లతో నింపింది. ఆ సీసాను తన ఎడమ చేతి పక్కన పెట్టుకుంది.

మధ్యాహ్నం నలుగురి ఆముదం మంచి స్పిరిట్‌లో కరిగింది. ఐదోది నాగభూషణానిది. ఆమె ఎడమ చేతి సీసా అందుకుంది. నాలో నూనె బియ్యం కడిగిన నీళ్లలా తెల్లబడింది. సేటు లేచి, తన నూనె శుద్ధమైనదని, మళ్లీ చూడమని బతిమాలాడు. ఆమె మళ్లీ చూపించింది, అదే సీసాతో. పాత అలవాటు ఎక్కడికి పోతుందని పక్కవాళ్లు గొణిగారు. ఆయన ఒక్కొక్కరి ముఖంలోకీ చూశాడు. అందరూ తలలు దించుకున్నారు. ఆ క్షణాన నా అంత సంతోషించిన గాజు లోకంలో ఉండదు.

కొనేవాళ్లు లేక ఆ చలికాలం ఆయన మిల్లు మూతపడింది. నలభై మంది హమాలీలు వేరే ఊళ్లు పట్టారు. వాళ్లలో ఆనాడు మొహినుద్దీన్ ఎదుట తలలు దించుకున్నవాళ్లు కొందరే.

ఆమె ఎవరి కూతురో ఎలాగో తెలుసుకుని నాగభూషణం ఒకరోజు ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"బిడ్డా, ఆ దినం నా ఆముదం సాఫ్‌గ ఉండె. నీకు ఎరుకనే గద?" అన్నాడు.

"ఎరుకే సేటూ," అంది షాహిదా. "మా అబ్బ గూడ సాఫ్‌గనే ఉండె. మీకూ ఎరుకే గద."

ఆయన వెనక్కి తిరిగాడు. చెప్పులు వెతుక్కుని తొడుక్కుని మెల్లగా వెళ్లిపోయాడు. వీధి మలుపు తిరిగేదాకా ఆమె గుమ్మంలోనే నిలబడింది.

ఆ తర్వాత షాహిదా నాతో ఏ నూనెనూ పరీక్షించలేదు. బీరువా పై అరలో బోర్లించి పెట్టింది. పశ్చాత్తాపం ఉందా అని నన్నడిగితే, లేదు. ఆమెకు ఉందో లేదో నాకు తెలియదు. బీరువా తెరిచినప్పుడు ఆమె నా వైపు చూడదు.